ఒకే ఇల్లు, రెండు నెట్‌వర్కులు



ఉగాది ప్రదర్శనకి పాత ఫొటోలు ఎప్పుడిస్తావని నెల రోజులుగా గ్రూపులో అడుగుతూనే ఉన్నారు. నేను రేపూ మాపూ అంటూ దాటేస్తూ వచ్చాను. నిజానికి ఫొటోలు మా ఇంట్లోనే ఉన్నాయి. కింద ముందుగదిలో, అన్నయ్య కంప్యూటర్లో. నా ల్యాప్‌టాప్ పైఅంతస్తులో. మధ్యలో ఉన్నవి పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లు ఎక్కించడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో రాస్తున్నాను. ఇందులో కొంత కంప్యూటరు గొడవ, కొంత ఇంటి గొడవ. పొడుగైనా ఓపిక పట్టి చదవండి, మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి పాత కంప్యూటరు ఒకటి మూల కూర్చునే ఉంటుంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గురించి బరంపురం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గాలి తగ్గాక మన సంఘం గది తలుపు తీస్తే బీరువా కింది అరలు రెండూ నీళ్ళలో ఉన్నాయి. మినిట్స్ పుస్తకాలు, నాటకాల ఫొటోలు, కరపత్రాలు అన్నీ తడిసి ముద్దయ్యాయి. అన్నయ్య వాటన్నిటినీ రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. కరెంటు లేని ఆ రోజుల్లో వదిన బట్టలారేసే తాళ్ళకి క్లిప్పులు పెట్టి ఒక్కో ఫొటో ఆరబెట్టాడు. "కాగితం ఒక్కటే ఉంటే మళ్ళీ గాలివాన వచ్చిన రోజున పోతుందిరా" అని మరుసటి ఏడాది ఒక స్కానరు కొన్నాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం రెండు గంటలు అదే పని. మన సంఘం కాగితాలయ్యాక మీ మీ ఇళ్ళకి వచ్చి పెట్టెల్లో ఉన్న ఫొటోలు అడిగి తెచ్చుకుని, స్కాను చేసి, మళ్ళీ భద్రంగా తిరిగిచ్చాడు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పోయిన కార్తీకంలో అన్నయ్య వెళ్ళిపోయాడు. ఆ కంప్యూటరు అలాగే ఉంది. విండోస్ 7 నడిచే పాత డెస్క్‌టాప్. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2020 జనవరి 14తో మద్దతు ఆపేశారు. ఫొటోల కోసం సంక్రాంతి వెళ్ళాక ఆన్ చేస్తే లోపల్నుంచి టక్కు టక్కుమని చప్పుడు. మన వీధి చివర రిపేరు కుర్రాడు వచ్చి విని, "హార్డ్‌డిస్కు పోయేలా ఉంది సార్, ముందు కాపీ తీసుకోండి, ఊరికే ఆన్ చేసి ఆఫ్ చెయ్యకండి" అన్నాడు. షాపుకి పట్టుకెళ్ళి డిస్కు విప్పి తీస్తానన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "ఆ డబ్బా గడప దాటదు" అంది. ఆ మాట మీద ఇక ఎవరూ ఏమీ అనలేదు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చుగా అంటారు. ముందువైపు యూఎస్‌బీ పోర్టులు రెండూ చచ్చిపోయాయి. వెనకవైపువి పెన్‌డ్రైవ్‌ని ఒక నిమిషం గుర్తుపట్టి, మరో నిమిషం మరిచిపోతున్నాయి. ఉన్నదేమో 142 జీబీ. పైగా పెన్‌డ్రైవ్ అంటే అన్నయ్యకి భయం. ఒకసారి ఎక్కడో ప్రింటు తీయించుకొస్తే అందులో వచ్చిన వైరస్ ఫోల్డర్లన్నిటినీ షార్ట్‌కట్లుగా మార్చి కూర్చుంది. అవి బాగుచేయడానికి వారం పట్టింది.

మిగిలిన దారి ఒక్కటే. రెండు కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఇంటి నెట్‌వర్క్ మీద ఫోల్డరు షేర్ చేసి పైకి లాక్కోవడం. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. రూటరుంటే చాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

పైన ల్యాప్‌టాప్‌లో 'నెట్‌వర్క్' తెరిస్తే ఖాళీ. అన్నయ్య కంప్యూటరు పేరు లేదు. కింద కూర్చుని చూస్తే నా ల్యాప్‌టాప్ పేరు లేదు. నాలుగు రోజులు వీడియోలు చూశాను. ఒకాయన ఫైర్‌వాల్ ఆపెయ్యమన్నాడు, ఇంకొకాయన ఎస్ఎంబీ-1 అనేదాన్ని ఆన్ చెయ్యమన్నాడు. ఆ రెండోది చెయ్యబోతూ, ఎందుకైనా మంచిదని బెంగళూరులో ఉన్న అన్నయ్య కూతురికి ఫోన్ చేశాను.

"బాబాయ్, దాని జోలికి వెళ్ళకు" అంది వెంటనే. కంప్యూటర్లు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ అట. అందులో మొదటి రకం మరీ పాతది. 2017 మే నెలలో ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలు వేసి డబ్బులడిగిన వాన్నాక్రై ఆ మొదటి రకంలో ఉన్న లోపం పట్టుకునే వ్యాపించింది. అందుకే కొత్త విండోస్‌లలో దాన్ని మూసేసి ఉంచారు. ఎక్స్‌పీ అయితే అది తప్ప వేరే రాదు. విండోస్ 7కి రెండో రకం బాగానే వచ్చు. కాబట్టి మనకి మొదటి దానితో పనే లేదు. వీడియోలో చెప్పారని తలుపు తీసి పెడితే పని జరగదు సరికదా, దొంగకి దారి చూపినట్టవుతుంది.

తర్వాత అది అడిగిన మొదటి ప్రశ్న: "రెండిటి ఐపీ అడ్రసులు చదువు."

నల్లటి కమాండ్ విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే కనిపిస్తుంది. కింద డెస్క్‌టాప్‌ది 192.168.1.10. పైన నా ల్యాప్‌టాప్‌ది 192.168.0.104.

"మూడో అంకె చూడు బాబాయ్. ఒకటి 1, ఇంకోటి 0. మామూలుగా ఇళ్ళలో మొదటి మూడు అంకెలూ వీధి పేరనుకో, చివరిది ఇంటి నంబరు. మీరిద్దరూ వేరే వేరే వీధుల్లో ఉన్నారు. పైన ఇంకో రూటరుందా?"

ఉంది. నేనే కొన్నాను.

ఆ సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళొచ్చు. కానీ అప్పుడు మీకు రాయడం దేనికి?

2020లో లాక్‌డౌన్. మా వాడికి ఆన్‌లైన్ పరీక్ష. మధ్యలో నెట్ ఆగిపోయింది. కింద అన్నయ్య స్కానింగు చేసుకుంటున్నాడు. నేను మెట్ల మీద నిలబడి, "నీ పాత కాగితాల కోసం వీడి చదువు పాడుచేస్తావా?" అని గట్టిగా అరిచాను. వదిన విన్నది, మా ఆవిడ విన్నది, బహుశా పక్కింటివాళ్ళూ విన్నారు. అన్నయ్య ఏమీ అనకుండా స్కానరు ఆపేశాడు. స్కానింగుకి ఇంటర్నెట్ ఒక్క చుక్క కూడా ఖర్చవదని అప్పుడు నాకు తెలీదు. ఆయనకి తెలుసు. అయినా చెప్పలేదు.

ఆ వారంలోనే రెండో రూటరు తెప్పించి, కింది రూటరు నుంచి ఒక కేబుల్ లాగి, పైన నా పేరుతో వేరే వైఫై పెట్టుకున్నాను. దాంతో ఇంట్లో రెండు వీధులయ్యాయి. నెట్ వేగం ఏమీ పెరగలేదు, వచ్చేది అదే తీగ మీద కదా. కానీ నాది నాకుంది అనే తృప్తి.

కొన్నాళ్ళకి అన్నయ్య మెట్ల దగ్గర ఆపి అడిగాడు. "ఒరేయ్, పైన నీ దాంట్లో నా కంప్యూటరు కనిపిస్తోందా? నీకోసం ఒక ఫోల్డరు పెట్టాను." నేను ఆగకుండానే "లేదు" అన్నాను. చూసి చెప్పిన మాట కాదది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే జవాబు.

ఇప్పుడు ఈ పని మీద కూర్చున్నప్పుడు కంప్యూటరు పక్కన ఆయన నోటు పుస్తకం దొరికింది. 2020 జులై పేజీల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో వరసగా ఉంది. 'హోమ్‌గ్రూప్ పాస్‌వర్డ్ మార్చాను, కనబడలేదు. ఫైర్‌వాల్ ఆపి చూశాను, కనబడలేదు. కేబుల్ మార్చాను, కనబడలేదు. రూటరు ఆపి వేశాను, కనబడలేదు.' అలా ఒకటిన్నర పేజీ. ఆయన చెయ్యగలిగినవన్నీ చేశాడు. చెయ్యలేనిది ఒక్కటే, పైకి వచ్చి నా రూటరు ముట్టుకోవడం.

అమ్మాయికి ఆ పేజీ ఫొటో తీసి పంపాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మామూలుగానే వివరించింది. హోమ్‌గ్రూప్ అనేది విండోస్ 7 కాలం నాటి ఏర్పాటు, విండోస్ 10లో 2018లోనే తీసేశారు. నా ల్యాప్‌టాప్‌లో అది లేనే లేదు. ఇక "ఎవరున్నారు ఇక్కడ?" అని కంప్యూటర్లు వేసే కేక రూటరు దాటి వెళ్ళదు. కింది వీధిలో వేసిన కేక కింది వీధిలోనే ఆగిపోతుంది. పైగా రెండో రూటరు కిందినుంచి తనంతట తాను వచ్చే ఏ పిలుపునీ లోపలికి రానివ్వదు. అలా రానివ్వకపోవడమే దాని పని. "నాన్న కింద కూర్చుని ఎన్నాళ్ళు ప్రయత్నించినా అయ్యేది కాదు బాబాయ్" అంది. నన్ను తప్పుపడుతూ అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ రాత్రే రెండో రూటరు సంగతి చూశాం. దాన్ని తీసెయ్యక్కర్లేదు. వేరే వీధి పెట్టడం మానేసి, కింది వీధినే పైదాకా పొడిగించేలా మార్చాలి. దాని సెట్టింగుల్లోకి వెళ్ళి దాని సొంత అడ్రసు 192.168.1.2గా మార్చాం. అందరికీ నంబర్లు పంచే డీహెచ్‌సీపీని అందులో ఆపేశాం, ఆ పని ఇకమీదట కింది రూటరుదే. చివరగా కేబుల్‌ని వ్యాన్ అని రాసి ఉన్న పోర్టులోంచి తీసి ల్యాన్ పోర్టులో పెట్టాను. కొత్త రూటర్లలో అయితే యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక్క మీటలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మళ్ళీ కలిపితే దాని అడ్రసు 192.168.1.14. ఇద్దరం ఒకే వీధికి వచ్చాం.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఇంకా మూడు తలుపులున్నాయి.

మొదటిది: కింద డెస్క్‌టాప్ ఈ నెట్‌వర్క్‌ని 'పబ్లిక్' అనుకుంటోంది. ఫైబర్ కనెక్షన్ వచ్చి రూటరు మారినప్పుడు అలా పడి ఉంటుంది. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై లాంటిదని లెక్క, అక్కడ ఎవరు పిలిచినా పలకదు. దాన్ని 'హోమ్' అని మార్చాం. విండోస్ 11లో దానికి 'ప్రైవేట్' అని పేరు, ల్యాప్‌టాప్‌లోనూ అలాగే పెట్టాం. అప్పుడు పైనుంచి పింగ్ 192.168.1.10 అని కొడితే, ఇన్నేళ్ళలో మొదటిసారి కిందినుంచి జవాబొచ్చింది. ఫైర్‌వాల్ ఆపాల్సిన అవసరం రాలేదు.

రెండోది నవ్వొచ్చే సంగతి. అడ్రసు బార్‌లో \\192.168.1.10 అని కొడితే ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. మీ సంస్థ భద్రతా నియమాల ప్రకారం గుర్తు తెలియని అతిథులకి ప్రవేశం లేదు అని దాని భావం. సంస్థ అంటే మన సంఘమే అనుకున్నాను! చందా కట్టలేదని కార్యదర్శిగారు నన్ను ఆపేశారేమో అని అనుమానమొచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, అన్నయ్య పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా రావచ్చని షేర్ చేసి పెట్టాడు. కొత్త విండోస్‌లు అలా పేరు చెప్పని రాకపోకలని ఒప్పుకోవు. ఆ కాపలాని సడలించే మార్గాలు వీడియోల్లో చెబుతారు కానీ, సరైన పద్ధతి పేరు చెప్పి లోపలికి వెళ్ళడమే.

అందుకని డెస్క్‌టాప్‌లో 'సంఘం' అని కొత్త యూజరుని చేసి పాస్‌వర్డ్ పెట్టాం. పాస్‌వర్డ్ లేని యూజరుని విండోస్ నెట్‌వర్క్ మీదినుంచి రానివ్వదు, కాబట్టి అది తప్పనిసరి. ల్యాప్‌టాప్ పేరూ పాస్‌వర్డూ అడిగినప్పుడు నేను అలవాటుకొద్దీ నా నాలుగంకెల పిన్ కొట్టాను. పనిచెయ్యలేదు. పిన్ ఆ ల్యాప్‌టాప్ గడప వరకే. ఇక్కడ ఇవ్వాల్సింది కింది కంప్యూటర్లో ఉన్న యూజరు పేరు, దాని పాస్‌వర్డ్.

మూడోది: పేరు ఒప్పుకుంది, ఫోల్డర్లు కనిపించాయి, తెరవబోతే అనుమతి లేదంది. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో షేరింగ్ అని ఒక పేజీ, సెక్యూరిటీ అని ఇంకో పేజీ ఉంటాయి. మొదటిది వీధి గేటు తాళం, రెండోది గది తాళం. గేటు ఒక్కటే తీస్తే వరండాలో నిలబడాల్సిందే. రెండిట్లోనూ 'సంఘం' యూజరుకి చదివే అనుమతి మాత్రం ఇచ్చాం. రాసే అనుమతి ఇవ్వలేదు, పొరపాటున నేనేదైనా చెరిపేస్తానేమో అని.

తెరుచుకుంది.

ఎంత తొందరగా ఉన్నా వైఫై మీద కాపీ చెయ్యొద్దంది అమ్మాయి. ల్యాప్‌టాప్ కిందికి తెచ్చి రూటరుకి కేబుల్‌తో కలిపాను. అడ్రసులో వీధి అదే కాబట్టి ఏమీ మార్చక్కర్లేకపోయింది. మామూలుగా లాగి వదిలితే మధ్యలో ఒక ఫైలు చెడినా ఆగిపోతుందని రోబోకాపీ అనే కమాండు చెప్పింది. అది విండోస్‌లోనే ఉంటుంది. చదవలేని ఫైలుని రెండుసార్లు ప్రయత్నించి వదిలేసి ముందుకెళ్ళేలా పెట్టొచ్చు. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే రాత్రి పదకొండున్నర దాటింది. అంతసేపూ వదినా నేనూ ఆ గదిలోనే కూర్చున్నాం. డిస్కు టక్కుమన్నప్పుడల్లా ఇద్దరం దానివైపు చూశాం. చివరికి ఏడు ఫైళ్ళు మాత్రం రాలేదు. మిగిలినవన్నీ వచ్చాయి.

అందులో 'తమ్ముడికి' అనే ఫోల్డరు ఉంది. తేదీ 2020 జులై. లోపల మన సంఘం గ్రూపు ఫొటోలు 312, ఒక వర్డ్ జాబితా. జాబితా తెరిస్తే నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ఫైలు పాడైపోయిందని గుండె ఆగినంత పనయింది. పాడవలేదు. అన్నయ్య డీటీపీ వాళ్ళు వాడే పాత అను ఫాంట్లలో టైపు చేశాడు. యూనికోడ్‌కి ముందరి పద్ధతి అది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాలు అలాగే కనిపిస్తాయి. కింది కంప్యూటరు ఫాంట్స్ ఫోల్డరులోంచి ఆ ఫాంటు తెచ్చి ఇందులో వెయ్యగానే తెలుగు కనిపించింది.

ఫొటో నంబరు, సంవత్సరం, నిలబడినవారు ఎడమనుంచి, కూర్చున్నవారు ఎడమనుంచి. ఠాకూరాణి యాత్ర వేషాలు, ఉగాది నాటకాలు, పట్టు మగ్గాల వీధి కుర్రాళ్ళ భజన బృందం. చాలావాటికి పేర్లు పూర్తిగా ఉన్నాయి. 64 చోట్ల మాత్రం ఖాళీ గీత, పక్కనే ఒకే మాట: తమ్ముణ్ణి అడగాలి.

చిన్నప్పుడు నాన్నగారితో నాటకాల రిహార్సళ్ళకి వెళ్ళేవాణ్ణి నేనే. అన్నయ్య చదువుకి బయటూరిలో ఉండేవాడు. ఆ ముఖాలు నాకే తెలుసని ఆయనకి తెలుసు. అడగడానికే ఆ ఫోల్డరు పెట్టాడు. నేను "లేదు" అంటూ మెట్లెక్కిపోయాను.

వదినకి ఆ మాట చదివి వినిపించాను. "నిన్ను అడగలేక అలా రాసుకున్నాడు కాబోలు" అంది. తర్వాత, "ఇప్పుడైనా చెప్పు, నేను రాస్తాను" అంది. రెండు రోజులు కూర్చుని 41 పేర్లు చెప్పగలిగాను. ఆరేళ్ళ కిందటైతే ఇంకా చెప్పగలిగేవాణ్ణి. ఈ మధ్య పేర్లు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్ళు ఈ వరసలో చూసుకోండి:

1. రెండు కంప్యూటర్ల ఐపీ అడ్రసులు రాసుకోండి. మొదటి మూడు అంకెలు కలవకపోతే ఇంట్లో రెండో రూటరుందేమో, ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫై మీద ఉందేమో చూడండి.
2. రెండిట్లోనూ నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉండాలి. నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్‌లో ఉండాలి.
3. పేరు కనిపించకపోయినా కంగారుపడకండి. అంకెల అడ్రసుతో నేరుగా వెళ్ళండి. ఆ అడ్రసు మారిపోకుండా రూటరులో రిజర్వ్ చేసుకోవచ్చు.
4. ఫైళ్ళున్న కంప్యూటర్లో పాస్‌వర్డ్ ఉన్న యూజరుని చేసి, రెండు తాళాలూ తియ్యండి.
5. ఫైర్‌వాల్ శాశ్వతంగా ఆపొద్దు. ఎస్ఎంబీ-1 ఆన్ చెయ్యొద్దు.
6. డిస్కు చప్పుడు చేస్తుంటే ముందు కాపీ, తర్వాతే మిగతా రిపేర్లు.

కాపీ అయ్యాక డెస్క్‌టాప్‌కి నెట్ కేబుల్ తీసేశాను. మద్దతు లేని విండోస్‌కి బయటి గాలి తగలకపోవడమే మంచిది. ఇప్పుడు ఫొటోలు నా ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, బెంగళూరులో అమ్మాయి దగ్గర ఒకటి ఉన్నాయి. నాలుగోది మన సంఘం బీరువాలో పెడదాం, ఈసారి పై అరలో.

ఇక మీతో పని. 23 ఖాళీలు మిగిలాయి. మన పిల్లలు ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదువుతారు, కింద తెలుగులో రాసిన పేర్లు చాలామంది చదవలేరు. అందుకని పేర్లు మూడు లిపుల్లోనూ రాద్దామనుకుంటున్నాం. కానీ ముందు ఆ పేర్లు తెలియాలి. డెబ్బై దాటినవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే వచ్చే రెండు ఆదివారాలూ సాయంత్రం నాలుగు నుంచి మా ఇంటికి తీసుకురండి. మెట్లెక్కే పని లేదు. కింద ముందుగదిలోనే, అన్నయ్య బల్ల మీద ల్యాప్‌టాప్ పెడతాను. వదిన టీ పెడుతుంది, పేర్లు కూడా ఆవిడే రాస్తుంది.

రాలేనివాళ్ళు చెప్పండి, నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని మీ ఇంటికొస్తాను.